రెండంగుళాలు కోసిన కొలకర్ర

1980 ఫిబ్రవరి 8, శుక్రవారం, ఉదయం ఆరూ నలభై. మా ఆయన క్యాంపు జనరేటరు ట్యాంకు కుళాయి తిప్పి, నాలుగు గ్యాలన్ల డబ్బా నింపి, మేం కాపురముంటున్న బస్సులో పోశారు. సమయం ఇంత కచ్చితంగా చెప్పగలుగుతున్నానంటే, జనరేటరు మనిషి రాజయ్య స్నానాల షెడ్డు నుంచి తిరిగి వస్తున్నాడేమోనని ఒక కన్ను అటు, ఒక కన్ను చేతి గడియారం మీద వేసి, డబ్బా నిండేదాకా బస్సు మెట్టు మీద కాపలా ఉన్నది నేనే.

ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మొన్న చలికాలం మా చెల్లెలి కొడుకు మురళి పిలిస్తే దుబాయ్ వెళ్లి, ఇంటర్నేషనల్ సిటీలో వాళ్ల రెండు గదుల ఇంట్లో ఇరవై రోజులున్నాను. ఒక సెలవు రోజున అతను మంచాలూ, పొయ్యీ, స్నానాల గదీ అన్నీ ఉన్న బండి ఒకటి అద్దెకు తెచ్చి మమ్మల్ని ఎడారిలోకి తీసుకెళ్లాడు. ట్యాంకులో నీళ్లెన్ని ఉన్నాయో, డీజిల్ ఎంత ఉందో గోడ మీద పచ్చటి అంకెల్లో కనిపిస్తున్నాయి. "పెద్దమ్మా, నువ్వు బస్సులో కాపురం చేశావంటగా, మా వాళ్లకి చెప్పు" అన్నాడు. చెప్పాను. ఆవకాయ జాడీని కిటికీ ఊచకు తాడుతో కట్టడం, బ్రేకు వేస్తే పప్పుగిన్నె డ్రైవరు సీటు దాకా జారిపోవడం, అన్నీ చెప్పాను. నలభై ఏళ్లుగా నవ్వించడానికి చెప్పే కథే అది, అందరూ నవ్వారు. పంపు దగ్గర బండి ఆపినప్పుడు మురళి మామూలుగా అడిగాడు: "అప్పుడు డీజిల్ ఎక్కడ పోయించేవాళ్లు పెద్దమ్మా?" నేను వెంటనే "పంపులోనే నాన్నా" అన్నాను. డెబ్బై ఆరో ఏట, అడిగినవాడికి ఏ అనుమానమూ లేని చోట, తడుముకోకుండా అబద్ధం వచ్చింది. అందుకని రాస్తున్నాను.

అల్ ఐన్ వెళ్లే రోడ్డు దిగి ఇసుకలోకి నాలుగు మైళ్లు పోతే మా క్యాంపు ఉండేది. రోడ్లు వేసే కంపెనీ. మా ఆయన మెకానిక్కు. అక్కడ ఉన్న నూట ముప్ఫై మందీ మగవాళ్లే. కుటుంబానికి గది ఇవ్వరు. ఊళ్లో అద్దెకు ఉండి రోజూ రావడం కుదరదు. కూలీలను మోసి మోసి అరిగిపోయి మూలన పడేసిన బస్సును బాగుచేసుకుని అందులో ఉంటానని మా ఆయన అడిగితే, ముదీర్, అంటే క్యాంపు మేనేజరు, నవ్వి సరేనన్నాడు. సీట్లన్నీ పీకేసి రెండు ఉంచాం. వెనక మంచం, పక్కన కిరసనాయిలు పొయ్యి, కిటికీలకు నా పాత వాయిలు చీరలు. నెయ్యి డబ్బాలో కరివేపాకు మొక్క పెట్టాను, పదకొండు ఆకులు వేసి ఎండిపోయింది. ఎంత కడిగినా బస్సులో డీజిల్ వాసన పోయేది కాదు. దుప్పట్లలో, పచ్చడి మూతలో, నా జడలో అదే. ఉదయం నాలుగున్నరకు లేచి రెండు బకెట్ల నీళ్లతో స్నానం, వంట ముగించి, ఆరింటికల్లా రిజిస్టరు తెరిచి కూర్చునేదాన్ని.

రిజిస్టరు నా చేతికి ఎలా వచ్చిందంటే, క్యాంపు సరుకుల లెక్క రాసే మనిషి వెళ్లిపోయినప్పుడు మా ఆయన నా పేరు చెప్పారు. బియ్యం, పప్పు, గ్యాసు, డీజిల్, అన్నీ నేనే రాసేదాన్ని. మా నాన్న తణుకు దగ్గర రైసుమిల్లులో కాటా గుమస్తా. మొదటి బస్తా ఎక్కించేముందు ఉత్త కాటా ముల్లు సున్న మీద నిలిచేదాకా ఆయన ఎవరి తొందరకూ కదిలేవారు కాదు. "సున్న తప్పితే రోజంతా తప్పేనమ్మా" అనేవారు. నాకు లెక్క ఆయన నుంచే వచ్చింది. ముదీర్ నా రిజిస్టరు మొదటి నెల చూశాడు, రెండో నెల చూశాడు, మూడో నెల నుంచి చూడకుండానే సంతకం పెట్టేవాడు.

డీజిల్ కొలవడానికి మూడున్నర అడుగుల చెక్కపట్టీ ఉండేది. దాని మీద అంగుళానికో గాటు పెట్టింది మా ఆయన, పక్కన తెల్ల రంగుతో అంకెలు వేసింది నేను. ఆ ట్యాంకుకు అంగుళమంటే ఇరవై ఆరు గ్యాలన్లు. రోజూ ఆరింటికి రాజయ్య కర్రను ట్యాంకు అడుగు తగిలేదాకా దింపి, పైకి తీసి, తడి ఎక్కడిదాకా ఉందో అక్కడ బొటనవేలు నొక్కిపట్టి, ఆ వేలు తీయకుండా మా కిటికీ దగ్గరకు వచ్చేవాడు. అతనికి చదువు లేదు. జగిత్యాల దగ్గర పల్లె, ముప్ఫై ఏళ్లుంటాయేమో. నన్ను అక్క అనేవాడు, ఆ వరసన మా ఆయన బావ.

"అక్కా, గిదిగో, సూడు. ఏడికొచ్చింది?"

"ఏడు మీద ఓ గీత."

"రాసుకో మరి. నా ఏలు నొస్తున్నది."

నేను రాసేదాకా వేలు తీసేవాడు కాదు. శుక్రవారాల్లో ఆ పని అయ్యాక ఒక గంట సేపు తలంటి పోసుకోవడానికి వెళ్లేవాడు. ఆ గంట ఇంజన్ను మా ఆయన చూసుకునేవారు. తడి జుట్టుతో వచ్చిన రాజయ్యను మా ఆయన ఆటపట్టించేవారు.

"ఏంటయ్యా రాజయ్యా, పెళ్లికొడుకులా తయారయ్యావు?"

"ఏడ పెండ్లి బావా! మీరేమో జోడుగ షికారు పోతరు. నేను గీ ఇంజన్ తోని కాపురం జేస్తున్న. అక్కా, నా ఇంటిదానికి జాబు రాసేటప్పుడు గీ ముచ్చట రాయకు, నిజమనుకుంటది."

అతని ఉత్తరాలు కూడా నేనే రాసేదాన్ని. ఇరవై రెండు రాశాను.

ట్యాంకు పక్కన ఇనుప రేకు మీద మూడు భాషల్లో రాసి ఉండేది: ఈ డీజిల్ సైటు యంత్రాలకు మాత్రమే, రోడ్డు మీద తిరిగే బండ్లకు వాడరాదు. సుంకం లేకుండా కంపెనీకి తక్కువలో వచ్చే డీజిల్ అది. పంపులో పోసేదీ అదే సరుకు, ధరే వేరు. మా బస్సు రోడ్డెక్కేది శుక్రవారం ఒక్కరోజే. బర్ దుబాయ్‌లో గుడి, దేరాలో చేపల బజారు, ఆ తర్వాత తణుకు వైపు నుంచి వచ్చి ఇళ్లల్లో పనిచేసే ఇద్దరు ఆడవాళ్లతో క్రీక్ అనే సముద్రపు పాయ ఒడ్డున సాయంత్రం దాకా కబుర్లు. మొదటి రోజు నేను రేకు వైపు చూపిస్తే మా ఆయన, "ఇందులో దొంగతనం ఏముందే, బస్సూ కంపెనీదే, డీజిలూ కంపెనీదే" అన్నారు. నేను వెళ్లి బస్సు మెట్టు మీద నిలబడ్డాను. వారంలో ఆరు రోజులు ఇంకో ఆడమనిషి గొంతు వినని చోట ఉండేదాన్ని, నాకు శుక్రవారం కావాలి. పంపులో కొనలేక కాదు. మా ఆయన జీతానికి వారానికి నాలుగు గ్యాలన్లు ఒక బరువే కాదు. ఊరికే వస్తున్నదాన్ని కొనడం దేనికని, అంతే.

గురువారం గురువారం ట్యాంకరు వచ్చి ప్రతిసారీ ఒకే కొలత పోసి వెళ్లేది. అది వచ్చేముందు అడుగున ఆరంగుళాలు మిగిలి ఉండాలని ముదీర్ నియమం. మే ఒకటో తేదీ గురువారం కర్ర నాలుగే చూపించింది. ఫిబ్రవరి నుంచి మేం తీసుకున్నది, మరునాటిది కలుపుకుంటే, పదమూడు శుక్రవారాలకు యాభై రెండు గ్యాలన్లు, అంటే సరిగ్గా రెండంగుళాలు. ముదీర్ రాజయ్యను పిలిచి ఏదో అడిగాడు. శనివారం ఉదయం రాజయ్య కిటికీ దగ్గర వేలు తీసేశాక కూడా నిలబడే ఉన్నాడు.

"అక్కా, ఇంజన్ ఎక్కువ తాగుతున్నదంటడు ముదీర్. నేను ఏమన్న పారబోస్తున్ననా? వచ్చేవారం మల్ల సూస్తడంట. ఆరుకు తక్కువుంటే నీ సంగతి జూస్తనన్నడు."

మా ఆయనకు చెప్పాను. ఆయన కంగారుపడి, "అయితే మానేద్దాంలే" అన్నారు. అక్కడితో ఆగవలసింది. మానేస్తే పోయిన రెండంగుళాలు తిరిగి రావు, రాజయ్యకు తిట్లు తప్పవు, అతన్ని కాపాడాలంటే ఒకటే దారి అని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి నాకు శుక్రవారాలు పోవడం ఇష్టం లేదు. కర్ర రాత్రిళ్లూ పగళ్లూ మా బస్సు కిటికీ పక్కన కొక్కేనికే వేలాడేది. ఆ మధ్యాహ్నం రెండింటికి, మా ఆయన సైటులో ఉండగా, హ్యాక్సా బ్లేడుతో కర్ర అడుగున రెండంగుళాలు నేనే కోశాను. కోసిన చోట గరుకు కాగితంతో రుద్ది, కొత్త చెక్క తెల్లగా కనిపించకుండా డీజిల్ గుడ్డతో నల్లబరిచాను. ఇక ట్యాంకులో నాలుగంగుళాలుంటే కర్ర ఆరు చూపిస్తుంది. పని చక్కగా కుదిరిందని ఆ పూట నాకు సంతోషం కూడా కలిగింది. సాయంత్రం మా ఆయనకు కర్ర చూపించాను. ఆయన చాలాసేపు దాన్ని చేత్తో తడిమి, "నువ్వా?" అని మాత్రం అన్నారు.

ఆ వచ్చే రెండు శుక్రవారాలు బస్సు తీయలేదు. తరువాతి వారం మళ్లీ తీశాం.

అప్పటి నుంచి రిజిస్టరులో కర్ర చెప్పిన అంకె రాసేదాన్ని. నా సొంత చేతిపుస్తకంలో అందులోంచి రెండు తీసేసి అసలు అంకె రాసుకునేదాన్ని. అసలు అంకె ఎక్కడో ఒక చోట లేకపోతే నాకు నిద్ర పట్టదు. ఎండలు ముదిరాక కర్ర కూడా దిగుతూ వచ్చింది. ఏసీలు ఎక్కువ లాగుతున్నాయని ముదీరే అన్నాడు, ఎవరూ అడగలేదు.

ఆగస్టు 21, గురువారం. ఆరింటికి రాజయ్య వేలు పట్టుకొచ్చాడు. "నాలుగు" అని చెప్పి రాశాను. నా పుస్తకంలో రెండు రాశాను. అడుగున ఒక అంగుళం ఇంజన్‌కు అందదు. మిగిలింది ఒక్క అంగుళం, ఇరవై ఆరు గ్యాలన్లు. గంటకు అయిదు తాగే ఇంజన్. పదకొండు దాటాక ఆగుతుంది. ఇదంతా అతను కర్ర కడిగి కొక్కేనికి తగిలించేలోపే నా మనసులో పూర్తయింది. కానీ ట్యాంకరు మామూలుగా తొమ్మిదికల్లా వస్తుంది. అతను వెళుతూ వెళుతూ, "నాలుగుందంటే రాత్రి దాంక ఢోకా లేదు, గా ట్యాంకరోడు ఎప్పుడొస్తే అప్పుడొస్తడు" అన్నాడు. నేను తల ఊపాను.

తొమ్మిదికి ట్యాంకరు రాలేదు. పదికి రాలేదు. పదిన్నరకు నేను వంట ఆపి, గొడుగు వేసుకుని జనరేటరు షెడ్డు దాకా నడిచాను. రాజయ్య ఇంజన్ పక్కన గోనెసంచి మీద కూర్చుని సద్ది తింటున్నాడు. "ఏందక్కా, గీ ఎండల?" అన్నాడు. ఒక్క మాట చాలు. సగం ఏసీలు ఆపమంటే ఇంకో గంటయినా నెట్టుకొచ్చేవాడు. ఎందుకని అడుగుతాడు కదా, దానికి జవాబు ఏం చెప్పను? "అగ్గిపెట్టె ఉందా?" అని అడిగాను. ఇచ్చాడు. తీసుకుని వచ్చేశాను.

పదకొండూ ఇరవైకి ఇంజన్ ఆగింది. ఏడాదిన్నరగా రాత్రింబవళ్లు చెవుల్లో మోగిన చప్పుడు పోయేసరికి క్యాంపు మొత్తం ఒక్క క్షణం ఎక్కడివాళ్లక్కడ నిలిచిపోయారు. రేకుల గదుల్లో నైట్ షిఫ్టు చేసి పడుకున్నవాళ్లు నలభై మంది. పావుగంటలో అందరూ బయటికి వచ్చారు, ఒకతను రాలేదు. అతన్ని నలుగురు మోసుకొచ్చి లారీ నీడలో పడుకోబెట్టి నీళ్లు పోశారు, తరువాత ఆస్పత్రికి తీసుకెళ్లారు. మూడో రోజున నడిచే వచ్చాడు. ఆ సమయంలో నేనేం చేశానో కూడా రాయాలి. కొక్కెం నుంచి కర్ర తీసి, మోకాలి మీద పెట్టి రెండుగా విరిచి, బస్సు వెనక ఇసుకలో పూడ్చాను.

ముదీర్ వచ్చేసరికి మా ఆయన చేతులకు డీజిల్ కారుతూ ఇంజన్ గొట్టాల్లో చేరిన గాలి తీస్తున్నారు. కర్ర ఏదని ముదీర్ అడిగాడు. విరిగిపోయిందన్నాను. అతను ఇనుప ఊచ ఒకటి ట్యాంకులో దింపి టేపుతో కొలిచాడు. ఒక అంగుళం. రిజిస్టరు తెప్పించుకున్నాడు. ఉదయం ఆరింటికి నాలుగు. అయిదు గంటల్లో మూడంగుళాలు, డెబ్బై ఎనిమిది గ్యాలన్లు. ఇంజన్ తాగేది ఇరవై ఆరు. మిగతా యాభై రెండు గ్యాలన్లు ఎక్కడికి పోయాయి? ఆ అయిదు గంటలూ ట్యాంకు దగ్గర ఉన్నది ఒక్కడే.

"కిస్ కో బేచా?" అన్నాడు ముదీర్. ఎవరికి అమ్మావని.

రాజయ్య నవ్వబోయాడు. అది నవ్వులాట కాదని అర్థమయ్యాక నా వైపు తిరిగాడు. "అక్కా, నువ్వు జెప్పక్కా. పొద్దుగాల నాలుగుండె గద? నువ్వే సూసినవ్ గద?"

అతను నన్ను సాక్షిగా పిలిచాడు. ఆ సాక్ష్యమే తనను ముంచుతుందని అతనికి తెలియదు. ముదీర్ నన్నడిగాడు, ఆరింటికి స్వయంగా చూశావా అని. చూశాను, నాలుగు అన్నాను. "మేడమ్, ఆప్ కే హిసాబ్ మే కభీ గల్తీ హువా?" నా లెక్క ఎప్పుడైనా తప్పిందా అని. మా ఆయన ఇంజన్ వెనక నుంచి తల ఎత్తి నన్నే చూస్తున్నారు. నేను "నహీ" అన్నాను.

"ఖలాస్" అన్నాడు ముదీర్. రిజిస్టరు మూసి నా చేతికే ఇచ్చాడు.

మూడు రోజుల్లో రాజయ్యకు వీసా క్యాన్సిల్ కొట్టారు. ఆ మూడు రోజులూ మా ఆయన అన్నం సరిగా తినలేదు. "ఇప్పుడు చెబితే ఇద్దరం పోతాం" అని ఒకసారి అన్నారు. "మరి చెప్పకపోతే?" అని నేను అడగలేదు. ఆదివారం ఉదయం పికప్ ఎక్కేముందు రాజయ్య కిటికీ దగ్గరకు వచ్చాడు. పులిహోర పొట్లం కట్టి ఉంచాను, ఇచ్చాను. అతని కళ్లలో నా మీద ఏమీ లేదు. అది ఉండి ఉంటే ఈ వయసులో నాకు కొంత తేలికగా ఉండేది.

"మూడు దినాల సంది సోచాయిస్తున్న అక్కా. నీ లెక్క తప్పదు. నా ఏలే జారింది. తడి ఒక్కకాడుంటే నేను ఒక్కకాడ పట్టుకున్న. సదువు లేనోన్ని, గట్లనే అయితది. నా తోని నీకు గూడ మాటొచ్చె." ఆ బొటనవేలిని ఎడమచేత్తో పట్టుకుని చూసుకుంటూ అన్నాడు. పికప్ డ్రైవరు "యల్లా, యల్లా" అని హారను కొట్టాడు.

అంతటితో అయిపోలేదు. ఆ మరుసటి వారం రాజయ్య ఊరివాడే ఒకతను ఉత్తరం రాయించుకోవడానికి వచ్చాడు. క్షేమ సమాచారాలయ్యాక, "గిది గూడ రాయి మేడమ్" అన్నాడు. "రాజయ్య డీజిల్ అమ్ముకొని దొరికిండు. అందుకే కంపెనోళ్లు ఎల్లగొట్టిన్రు. ఊర్లకొచ్చి ఏమన్న వేరే జెప్తే నమ్మకున్రి." చెప్పింది చెప్పినట్టు రాయడం, రాసింది చదివి వినిపించడం నా నియమం. రాశాను. చదివి వినిపించాను. "మంచిగ రాసినవ్" అని అతను కవరు తీసుకెళ్లాడు. ఆ ఊరి చిరునామా నాకు కంఠతా వచ్చు. రాజయ్య భార్యకు ఇరవై మూడో ఉత్తరం నా అంతట నేను రాయగలిగేదాన్ని. ఆ ఏడాది రాయలేదు, ఆ తరువాతా రాయలేదు. మా ఆయన పోయి పన్నెండేళ్లయింది. మా ఇద్దరి మధ్య కూడా ఆ పేరు మళ్లీ రాలేదు.

సెప్టెంబరు నుంచి బస్సుకు డీజిల్ పంపులోనే పోయించాం. శుక్రవారాలు ఒక్కటి కూడా తగ్గలేదు. ఇప్పుడు మురళి తన బండిలో అద్దె కాగితాలూ, పంపు రసీదులూ ఒక కవరులో పెట్టుకుని తిరుగుతాడు. ఎవరూ అడగరు, అయినా పెట్టుకుంటాడు. అతన్ని చూసి మెచ్చుకునే అర్హత నాకు లేదు.

పోయినవి ఇవి. కంపెనీకి: ఇరవై ఆరు శుక్రవారాలకు నూట నాలుగు గ్యాలన్ల డీజిల్. నైట్ షిఫ్టు మనిషికి: మూడు రోజులు. రాజయ్యకు: ఉద్యోగం, వీసాలో మిగిలిన పద్నాలుగు నెలలు, ఊళ్లో పేరు, తన చేతి మీద తనకున్న నమ్మకం. మా ఆయనకు, నాకు: ఏమీ లేదు.